చెక్క ఇంటి గోడకు ప్లాస్టిక్ షీటు ఏ వైపు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సముద్రం ఒడ్డున చెక్క ఫ్రేముతో ఇల్లు కట్టుకునేవాళ్ల ప్రశ్నలు ఈ నెల ఎక్కువగా వచ్చాయి. పైకప్పు గురించి విడిగా చెప్పుకోవాలి. ఇక్కడ బయటి గోడల వరకే.

ప్ర: రుషికొండ దగ్గర ఇల్లు మొదలుపెట్టాం. మా కాంట్రాక్టర్ కెనడా డ్రాయింగు ఒకటి తెచ్చి, అందులో ఉన్నట్టే జిప్సం బోర్డు వెనక పాలిథీన్ షీటు పరుస్తానంటున్నారు. గాలి, చెమ్మ రాకుండా అదే ఆపుతుందట. పరవనివ్వమంటారా?

జ: వద్దు. షీటు ఇప్పటికే కొనేసి ఉంటే నేల కాంక్రీటు కింద పరిపించండి, అక్కడ పనికొస్తుంది.

డ్రాయింగులో తప్పు లేదు, అది గీసింది వేరే ఊరికి. చలి దేశంలో ఇంటి లోపల వెచ్చగా, బయట గడ్డకట్టేలా ఉంటుంది. వంట, స్నానాల ఆవిరి గోడలోంచి బయటికి పోబోయి, చల్లటి చెక్క తగిలిన చోట నీరవుతుంది. అందుకని వెచ్చగా ఉండే లోపలి వైపున అడ్డు కడతారు. విశాఖలో వెచ్చటి వైపు బయట ఉంది. మే, జూన్ నెలల్లో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీళ్లు వదలడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టేది ఇందుకే. మీరు ఏసీ 24లో పెడితే జిప్సం బోర్డు వెనక భాగం 25కు దగ్గర్లో ఉంటుంది, దానికి ఆనుకున్న ప్లాస్టిక్ షీటూ అంతే. గోడలోకి చొరబడిన బయటి ఆవిరి ఆ షీటు దాకా వచ్చి, దాటలేక, అక్కడే నీరై కిందికి జారి అడుగు కర్రలో ఇంకుతుంది. గదిలో ఉన్నవాళ్లకు ఏమీ కనబడదు. బూజు వాసన తెలిసేసరికి లోపల కర్ర మెత్తబడి ఉంటుంది.

కాబట్టి మన ఊళ్లో గాలికి, ఆవిరికి అడ్డు బయటి వైపున ఉండాలి. లోపలి వైపు ఏ అడ్డూ లేకుండా వదిలేయాలి. ఎక్కడో కాస్త తడి చేరినా అది గదిలోకి ఆరిపోతుంది, ఏసీ దాన్ని లాగి బయట పారబోస్తుంది.

ఇదే తప్పు ఇంకో రూపంలోనూ వస్తుంది. మన మార్కెట్లో గ్లాస్ ఊల్ చుట్టలు చాలావరకు ఒక వైపు అల్యూమినియం ఫాయిల్ అంటించి వస్తాయి. మెరిసే వైపు కళ్లకు కనబడాలన్నట్టు పనివాళ్లు దాన్ని గది వైపు తిప్పుతారు. అదీ ప్లాస్టిక్ షీటుతో సమానమే. ఫాయిల్ లేని రకం తెప్పించండి. లేదంటే ఫాయిల్ బయటి వైపుకు తిప్పి పెట్టించండి.

ప్ర: మధురవాడలో 1000 చదరపు అడుగుల ఒక్క అంతస్తు ఇల్లు, 25 అడుగులు × 40 అడుగులు. గోడ పొరలు వరసగా, మందాలతో సహా చెప్పగలరా? ఇన్సులేషన్ ఎంత మందం వేస్తే ఇటుక గోడ కంటే మెరుగు?

జ: బయటి నుంచి లోపలికి ఇలా రావాలి. మొదట 8 నుంచి 10 మి.మీ. సిమెంటు ఫైబర్ బోర్డు. ముందు, వెనక, కోసిన అంచులతో సహా అన్ని వైపులా రంగు పట్టించాలి. దాని వెనక 25 మి.మీ. ఖాళీ. ఇందుకోసం మందు పట్టించిన 25 మి.మీ. పట్టీలను ప్రతి నిలువు కర్ర మీదా నిలువుగా కొట్టాలి. తర్వాత 40 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్) ఫోమ్ షీటు. దాని వెనక తనంతట అంటుకునే బిటుమెన్ మెంబ్రేన్, 1.5 మి.మీ. ఆ వెనక ఐఎస్ 710 మార్కు ఉన్న (నీటిని తట్టుకునే మెరైన్ రకం) 12 మి.మీ. ప్లైవుడ్. తర్వాత 100 × 50 మి.మీ. నిలువు కర్రలు, వాటి మధ్య 100 మి.మీ. రాక్‌ఊల్, అంటే రాతి పీచు పలకలు. చివర 12.5 మి.మీ. జిప్సం బోర్డు, మామూలు ఎమల్షన్ రంగు. ఆయిల్ పెయింటు వద్దు, అది ఆవిరిని ఆపేస్తుంది. బాత్‌రూం గోడకు మాత్రం జిప్సం బదులు సిమెంటు బోర్డు వేయండి.

ఇక లెక్క. 230 మి.మీ. ఇటుక గోడకు రెండు వైపులా పూత ఉంటే యూ విలువ సుమారు 2. అంటే లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 2 వాట్ల వేడి దాటుతుంది. పైన చెప్పిన గోడకు, కర్రల గుండా పోయే వేడి కూడా కలిపితే, అది 0.27 దగ్గర వస్తుంది. ఇటుక గోడలో దాటేదాంట్లో ఏడో వంతు. ఎక్స్‌పీఎస్ మానేసి రాక్‌ఊల్ ఒక్కటే వేస్తే 0.42. మరీ తీసికట్టేం కాదు, కానీ ఎక్స్‌పీఎస్ ఉంటే ప్లైవుడ్‌కు, మెంబ్రేన్‌కు ఎండ వేడి అంతగా తగలదు. దాని అసలు విలువ అక్కడే ఉంది. చలి దేశాల్లోలా 250, 300 మి.మీ. మందం మనకు దండగ. అక్కడ లోపలికీ బయటికీ 40 డిగ్రీల తేడా, మనకు 10 డిగ్రీలు. ఆ డబ్బు పైకప్పు మీద, పడమటి కిటికీల సన్‌షేడ్‌ల మీద పెట్టండి.

నిలువు కర్రలు 24 అంగుళాలకు ఒకటి. 8 × 4 ప్లైవుడ్ అంచులు కర్రల మీద సరిగ్గా పడతాయి. కర్ర మందం పోగా మధ్యలో 560 మి.మీ. మిగులుతుంది. రాక్‌ఊల్ పలకలు 600 మి.మీ. వెడల్పుతో వస్తాయి కాబట్టి 570కి కోసి బిగించండి. ఆ పది మి.మీ. బిగువే పలకను జారనివ్వదు. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత కంటే తక్కువది కొంటే నాలుగైదేళ్లకు కుంగి పైన ఖాళీ పడుతుంది. పలకను నొక్కి సన్నం చేసి కుక్కొద్దు, మూలల్లో ఖాళీ వదలొద్దు. వైరు పైపు అడ్డం వస్తే పలకను మధ్యకు చీల్చి, సగం వెనక, సగం ముందు పెట్టాలి.

మీ ఇంటి చుట్టుకొలత 130 అడుగులు. గోడ ఎత్తు 9 అడుగులైతే మొత్తం 1170 చదరపు అడుగులు. వృథాతో కలిపి 40 ప్లైవుడ్ షీట్లు, కిటికీలూ తలుపులూ తీసేస్తే మీటరు పొడవు రాక్‌ఊల్ పలకలు 140 వరకు పడతాయి. 8 అడుగుల షీటు 9 అడుగుల గోడకు చాలదు కదా, షీట్లు కలిసే చోట వెనక అడ్డ కర్ర తప్పనిసరి. చాలామంది వడ్రంగులు దీన్ని వదిలేస్తారు. అప్పుడు అతుకు గాలికి కదిలి పైన మెంబ్రేన్ చిరుగుతుంది. షీట్ల మధ్య 3 మి.మీ. సందు ఉంచండి, వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బుతుంది. మేకులు అంచుల్లో 150 మి.మీ.కు ఒకటి, మధ్యలో 300 మి.మీ.కు ఒకటి.

పట్టీలకు వాడే స్క్రూ పొడవు చూసుకోండి. పట్టీ 25, ఫోమ్ 40, ప్లైవుడ్ 12, కలిపి 77. కర్రలోకి కనీసం 40 దిగాలి. 120 మి.మీ. స్క్రూ కావాలన్నమాట. 100 మి.మీ.ది చౌకగా దొరికిందని తెస్తే ఫైబర్ బోర్డు బరువంతా ఫోమ్ మీద వేలాడుతుంది.

గోడ మూసే ముందు చూడాల్సింది కర్ర తేమ. సూదులున్న తేమ మీటరుతో ప్రతి గోడలో నాలుగైదు చోట్ల కొలవండి. మన తీరంలో నీడన ఆరిన కర్ర 15, 16 శాతం దగ్గర నిలుస్తుంది. 18 దాటితే ఆగండి. అడితి నుంచి తెచ్చిన కర్ర తడి మీద ఉండగానే రాక్‌ఊల్ కుక్కేస్తే ఆ నీళ్లను మనమే గోడలో పెట్టి మూసినట్టు.

ప్ర: గాలి చొరకుండా చేయాలంటే సందులన్నీ స్ప్రే ఫోమ్ డబ్బాతో నింపితే సరిపోతుందా? (మర్రిపాలెం)

జ: సరిపోదు. డబ్బా ఫోమ్ ఆరాక గట్టిపడుతుంది, కర్ర ఏడాది పొడవునా కదులుతూనే ఉంటుంది. మొదటి ఎండాకాలానికే అంచులో వెంట్రుకంత చీలిక వస్తుంది. కిటికీ చుట్టూ సందు నింపడానికి వాడుకోండి, కానీ దాని మీద టేపు ఉండాలి.

గాలిని ఆపేది ప్లైవుడ్, దాని మీది మెంబ్రేన్. పెన్సిలు ఎత్తకుండా ఇంటి చుట్టూ ఆ గీత గీయగలిగితే డ్రాయింగు సరైనదే. గీత తెగేది ఎప్పుడూ ఒకే చోట్ల: అడుగు కర్రకూ ప్లింత్‌కూ మధ్య, గోడ పైకప్పును కలిసే చోట, కిటికీల చుట్టూ, పైపులూ వైర్లూ దూరే రంధ్రాల దగ్గర. అడుగు కర్ర కింద ముందు నేల చెమ్మను ఆపే డీపీసీ షీటు, దాని మీద మెత్తటి రబ్బరు గాస్కెట్ పరిచి కర్రను బోల్టులతో బిగించాలి. కాంక్రీటు ఎగుడుదిగుడుగా ఉంటే గాస్కెట్ ఒక్కటీ చాలదు, ముందు నున్నగా పూత పూయించండి. మెంబ్రేన్ కింది అంచు ప్లింత్ మీదికి 100 మి.మీ. దిగాలి. పక్క అతుకులు 75 నుంచి 100 మి.మీ. ఒకదాని మీద ఒకటి రావాలి. వరసలు కింది నుంచి పైకి వేయాలి, పై వరస కింది వరస మీద పడితేనే నీళ్లు బయటికి జారతాయి.

విశాఖలో టేపు ఊడడానికి కారణం చాలాసార్లు టేపు కాదు, దాని కింద ఉన్న దుమ్ము, ఉప్పు. సముద్రపు గాలికి ప్లైవుడ్ మీద రెండు రోజుల్లోనే ఉప్పు పొర పడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, ప్రైమర్ రాసి, అది ఆరాక అంటించి, రబ్బరు రోలర్‌తో గట్టిగా నొక్కాలి. చేత్తో నిమిరితే అంటుకున్నట్టు కనబడుతుందంతే. తెల్లవారుజామున తేమతో ఉన్న ప్లైవుడ్ మీద అసలు అంటించొద్దు, తొమ్మిదింటి దాకా ఆగండి.

పరీక్ష ఎప్పుడు చేయాలన్నది ముఖ్యం. మెంబ్రేన్, కిటికీలు పెట్టాక, ఎక్స్‌పీఎస్ కానీ జిప్సం కానీ వేయకముందు చేయాలి. అప్పుడైతే కారే చోటు చేతికి అందుతుంది. తలుపులో ఫ్యాను బిగించి 50 పాస్కల్ ఒత్తిడి దగ్గర కొలిచే బ్లోవర్ డోర్ పరీక్ష చేయించగలిగితే గంటకు 2 సార్ల గాలి మార్పిడిలోపు రావాలని పట్టుబట్టండి. 250 ఘనపు మీటర్ల ఇంటికి అది గంటకు 500 ఘనపు మీటర్లు. జర్మన్ పాసివ్ హౌస్ ప్రమాణం 0.6. మన దగ్గర అంత దూరం వెళ్లక్కర్లేదు. యంత్రం దొరక్కపోతే కిటికీలన్నీ మూసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడిపించండి. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ సున్నపు ముక్కతో గుర్తు పెట్టుకోండి. అంకె తెలియదు, చోటు తెలుస్తుంది.

ప్ర: గోడలు అంత బిగించేస్తే ఇంట్లో ఊపిరాడుతుందా? మాది గ్యాసు పొయ్యి. (ఎంవీపీ కాలనీ)

జ: మంచి అనుమానం. గాలి ఆపకూడదు, దారి మార్చాలి. బిగించని ఇంట్లో కిటికీలు మూసినా గంటకు సగం గాలి మారిపోతుందనుకోండి. పైన చెప్పిన 250 ఘనపు మీటర్ల ఇంటికి అది గంటకు 125 ఘనపు మీటర్లు. ఒక్కో ఘనపు మీటరు బయటి గాలి లోపలి గాలి కంటే 13 గ్రాముల నీళ్లు ఎక్కువ మోసుకొస్తుంది. గంటకు లీటరున్నర పైనే. ఆ నీళ్లు తీయడానికే ఏసీలో టన్నులో మూడో వంతు పోతుంది, పైగా ఆ గాలి వచ్చేది గోడ సందుల్లోంచి.

నలుగురున్న ఆ ఇంటికి కావలసిన తాజా గాలి సుమారు గంటకు 100 ఘనపు మీటర్లు. దాన్ని ఒకే పైపులోంచి, జల్లెడ పెట్టి తీసుకోండి. వీలైతే ఈఆర్‌వీ పెట్టండి. లోపలికి వచ్చే గాలి తేమలో సగం దాకా బయటికి వెళ్లే గాలికి అప్పగించే యంత్రం అది. ఇంట్లోంచి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ల మీదే ఆధారపడొద్దు. ఎంత గాలి బయటికి తోస్తే అంత గాలి గోడల్లోంచి లోపలికి వస్తుంది.

ఇక గ్యాసు. కిలో ఎల్‌పీజీ కాలితే కిలోన్నర పైన నీళ్లు ఆవిరవుతాయి. 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి 22 లీటర్ల పైచిలుకు నీళ్లు మీ వంటింట్లోకి వచ్చినట్టే. కాబట్టి పైపుతో బయటికి పోయే చిమ్నీ ఉండాలి. ఫిల్టరుతో గాలిని తిరిగి గదిలోకే వదిలే రకం తేమను ఏమీ చేయదు. గంటకు 1000 ఘనపు మీటర్లు లాగే చిమ్నీ గొప్ప అని ప్రకటనల్లో చెబుతారు. బిగించిన ఇంట్లో అది బాత్‌రూం ట్రాపుల్లోంచి డ్రైనేజీ కంపును లాక్కొస్తుంది. 300, 400 చాలు, అది నడిచినంతసేపూ వంటింటి కిటికీ నాలుగు అంగుళాలు తెరిచి ఉంచండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. సిలిండరు బయట ఉంచి, రాగి పైపుతో లోపలికి తెచ్చి, వంటింట్లో నేల మట్టానికి ఒక వెంట్ పెట్టించండి. గ్యాసు గీజరు మాత్రం ఇలాంటి ఇంట్లో వద్దే వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ప్ర: భీమిలిలో మా చెక్క ఇంట్లో స్ప్లిట్ ఏసీ కింద జిప్సం బోర్డు తడిసి ఉబ్బింది. మెకానిక్ డ్రెయిన్ పైపు బాగానే ఉందంటున్నారు.

జ: ఆయన నిజమే చెప్పి ఉండొచ్చు. ఏసీ పైపుల కోసం గోడకు చేసిన 65 మి.మీ. రంధ్రంలో చూడండి. రంధ్రం తెరిచి ఉంటే ఉక్క గాలి నేరుగా గోడలోకి వచ్చి చల్లటి రాగి పైపు మీద నీరవుతుంది. మామూలు స్ప్లిట్ ఏసీల్లో లావు పైపు ఒక్కటే కాదు, సన్న పైపు కూడా చల్లగానే ఉంటుంది. మెకానిక్‌లు సన్నదాన్ని వదిలేస్తారు, లేదా రెండింటికీ కలిపి ఒకే తొడుగు చుడతారు. రెండు పైపులకూ విడివిడిగా 19 మి.మీ. నైట్రైల్ రబ్బరు తొడుగు ఉండాలి. 9 మి.మీ.ది మన తేమకు చాలదు. ఇండోర్ యూనిట్ వెనక నట్లు బిగించే చోట ఇత్తడి బయటికి కనబడుతుంటే మొదటి అనుమానం దాని మీదే.

కొత్తగా కట్టేవాళ్లు ఏసీ మెకానిక్ రాకముందే పీవీసీ గొట్టం బయటికి వాలుగా పెట్టించి, దాని చుట్టూ మెంబ్రేన్‌కు టేపు వేయించుకోవాలి. పైపులు దూర్చాక గొట్టంలో మిగిలిన ఖాళీని రబ్బరు ముక్కలతో నింపి, రెండు చివరలా సీలెంట్ పెట్టాలి. తర్వాత డ్రిల్లు తీసుకుని వచ్చే ఎవరినీ, కేబుల్ వాళ్లతో సహా, బయటి గోడ ముట్టుకోనివ్వకండి. నాలుగు గొట్టాలు ముందే అదనంగా పెట్టి మూతలు బిగించి ఉంచుకోవడం చౌక.

ఇంకో మాట. ఇలాంటి గోడలున్న 10 × 12 గదికి ఒక టన్ను ఏసీ చాలు. టన్నున్నర పెడితే గది పది నిమిషాల్లో చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే ఉంటుంది. చలిగా, జిగటగా అనిపించే గదులు ఇవే.

ప్ర: హుద్‌హుద్ చూసినవాళ్లం. చెక్క గోడ తుపానుకు ఆగుతుందా? (లాసన్స్ బే కాలనీ)

జ: లెక్కకట్టి కడితే ఆగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఇక్కడే. ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, దాదాపు 150 కిలోలు. 9 × 12 అడుగుల గోడ మీద అది టన్నున్నర. ఇంటి ఆకారాన్ని, ఎత్తును, చుట్టుపక్కల పరిస్థితిని బట్టి ఇంజనీరు దీన్ని సవరిస్తారు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఆరో భాగం మూడో సెక్షన్, ఐఎస్ 883 కలప నిర్మాణానికి ఉన్నాయి, ఆ ప్రకారం లెక్కలు అడిగి తీసుకోండి. బరువు దారి తెగకూడదు: కప్పు దూలం నుంచి నిలువు కర్రకు స్టీలు పట్టీ, అక్కడి నుంచి అడుగు కర్రకు పట్టీ, అడుగు కర్ర నుంచి కాంక్రీటులోకి మీటరుకు మించని దూరాల్లో బోల్టులు, వెడల్పాటి వాషర్లతో.

తుపానులో వాన పైకి కూడా కొడుతుంది. 25 మి.మీ. ఖాళీ ఉంచమన్నది ఇందుకే. బోర్డు వెనక కూడా గాలి ఒత్తిడి చేరితే నీటిని లోపలికి తోసే బలం తగ్గుతుంది, చొరబడిన కాస్త నీరూ కిందికి కారిపోతుంది. ఆ ఖాళీ కింద, పైన తెరిచి పురుగులు దూరకుండా జాలీ పెట్టాలి. కింద నీట్‌గా ఉంటుందని సిమెంటుతో మూసేసిన గోడలు లోపల కుళ్లుతాయి. కిటికీ గూటిలో ముందు కింది పలకకు బయటికి వాలు ఇచ్చి మెంబ్రేన్ పరిచి, పక్కలకు 150 మి.మీ. ఎక్కించాలి. తర్వాత కిటికీ, తర్వాత రెండు పక్కల టేపు, ఆఖరున పైది. కిటికీ బయటి కింది అంచుకు సీలెంట్ పెట్టొద్దు, లోపలికి వచ్చిన నీళ్లు పోవడానికి అదొక్కటే దారి.

ప్ర: చెదలు, ఉప్పు గాలి. ఈ రెండింటికీ ఏం చేయాలి? (యండాడ)

జ: ప్లింత్ నేల మట్టం కంటే కనీసం 450 మి.మీ. ఎత్తు ఉండాలి. పునాది దశలోనే ఐఎస్ 6313 ప్రకారం మట్టికి చెదల మందు కొట్టించండి. చెదలు ఫోమ్‌ను తినవు కానీ అందులో సొరంగం చేసుకుని కనబడకుండా పైకి వస్తాయి. అందుకని ఎక్స్‌పీఎస్ నేలకు 200 మి.మీ. పైనే ఆగిపోవాలి. ఆ వట్టి కాంక్రీటు పట్టీ మీద మట్టి గీతలు కనబడుతున్నాయా అని ఏడాదికి రెండుసార్లు చూడండి. దానికి ఆనించి మట్టి పోసి పూల మొక్కలు పెట్టడం మన ఇళ్లలో మామూలే. అలా చేశారంటే ఆ పట్టీ పెట్టిన ప్రయోజనం పోయినట్టే.

అడుగు కర్రకు సీసీఏ లాంటి రాగి మందు ఒత్తిడితో పట్టించాలి. బోరాక్స్ మందు వానకు కరిగిపోతుంది, లోపలి కర్రలకైతే పరవాలేదు. రాగి మందు మామూలు జింకు స్క్రూలను తినేస్తుంది, ఉప్పు గాలి దానికి తోడు. సముద్రానికి దగ్గర్లో బయటి స్క్రూలన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ వాడండి, 304కు తుప్పు మరకలు వస్తాయి.

ప్ర: లోపలి గోడకు వినైల్ వాల్‌పేపర్, పీవీసీ ప్యానెళ్లు వేసుకోవచ్చా? (గాజువాక)

జ: బయటి గోడలకు వద్దు. కారణం మొదటి జవాబులో ఉంది. గదుల మధ్య అడ్డుగోడలకు మీ ఇష్టం.

ప్ర: అరకులో చెక్క కాటేజీలు కడుతున్నాం. ఏసీలు పెట్టం. ఇదే గోడ పనికొస్తుందా?

జ: ఇదే గోడ వద్దు. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది, శీతకాలం రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. అక్కడ ఆవిరి ఒక కాలంలో లోపలికి, ఇంకో కాలంలో బయటికి పోతుంది, ఏ వైపూ పూర్తిగా మూయకూడదు. ఎక్స్‌పీఎస్, బిటుమెన్ మెంబ్రేన్ తీసేసి, నీటిని ఆపి ఆవిరిని వదిలే హౌస్‌ర్యాప్ వేయండి. గాలిని ఆపే పని ప్లైవుడ్‌ది, దాని అతుకులకు టేపు తప్పదు. రాక్‌ఊల్ 100 మి.మీ. అలాగే ఉంచండి. 25 మి.మీ. ఖాళీ విశాఖ కంటే అక్కడే ఎక్కువ అవసరం, పొగమంచుకు బోర్డు రోజంతా ఆరని రోజులుంటాయి. అతిథుల కోసం కట్టెల పొయ్యి పెడితే దానికి గాలి బయటి నుంచి ప్రత్యేకంగా పైపులో రావాలి, గదిలో గాలిని అది తాగకూడదు.